పేకాట పిన్ని

ఆ పేరు ఆవిడకు రైలుకట్ట అవతలి వీధుల్లో వచ్చింది. మధ్యాహ్నం పూట, ఇళ్ళల్లో గిన్నెలు కడగడం అయిపోయి ఆడవాళ్ళు చేతులు తుడుచుకునే వేళకు, భుజానికి గుడ్డసంచీ తగిలించుకుని వచ్చేది. "కాసేపు కూర్చుంటారా, మీతో చిన్న పనుంది" అని గుమ్మం దగ్గరే అడిగేది. సరేనంటే లోపలికి వెళ్ళి చాప మీదో బల్ల మీదో అట్టముక్కలు పరిచేది. కిటికీలోంచి తొంగిచూసిన ఇరుగుపొరుగుకు అది అచ్చం పేకాటలా కనిపించింది. మొదట్లో పేకాటావిడ అన్నారు. మొహం అలవాటయ్యాక పేకాట పిన్ని అన్నారు.

ఆ మాట పాకి పాకి ఇంటి దగ్గర అత్తగారి చెవిన పడింది. "మీ కోడలేం చేస్తుందని ఎవరైనా అడిగితే పేకాటని చెప్పుకోనా" అని ఆవిడ ఆ పూట భోజనం మానేసింది. సాయంత్రం ఆకలేసి తనే వడ్డించుకుని తింది. ఆ తర్వాత ఎవరు అడిగినా "ఆఫీసు ఉద్యోగం" అని చెప్పి, ఇంకో ప్రశ్న వచ్చేలోపు మాట మార్చేసేది.

అంతకుముందు పిన్ని చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో గుండీల బల్ల దగ్గర పనిచేసింది. బస్తాల్లో కలగాపులగంగా వచ్చే గుండీలను రంగుకు రంగు, సైజుకు సైజు వేరుచేయడం పని. తెలుపులో ఎన్ని తెలుపులున్నాయో ఆ బల్ల దగ్గర కూర్చుంటేగాని తెలియదని అంటూ ఉండేది. ఫ్యాక్టరీ వేరే ఊరికి తరలిపోయింది. దాంతోపాటు తరలిపోలేనివాళ్ళు ఇళ్ళల్లో మిగిలిపోయారు. పిన్ని కొన్ని నెలలు ఖాళీగా కూర్చుంది. సర్దిన ఇల్లే మళ్ళీ సర్దింది. అత్తగారితో అయినదానికీ కానిదానికీ మాటా మాటా అనుకుంది. చివరికి తెలిసినావిడ ఎవరో చెబితే, జిరాక్స్ కొట్టు మేడ మీదున్న ఆఫీసుకు వెళ్ళింది.

అక్కడ బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న ఆవిడ కూర్చుని ఉంది. పిన్ని కన్నా వయసులో బాగా చిన్నది. అందరూ మేడమ్ అనేవారు. ఆవిడ ముందున్న టీ కప్పులో మీగడ కట్టి ఉంది.

"మనం చేసేదల్లా జనం తలల్లో వస్తువులు ఎలా సర్ది ఉన్నాయో తెలుసుకోవడం" అని మేడమ్ చెప్పింది. "మీ వంటింట్లో డబ్బాలు మీరొక పద్ధతిలో పెట్టుకుంటారు కదా. కొత్త మనిషి వస్తే ఏదెక్కడుందో దొరకదు. తలల్లో కూడా అలాంటి అరలే ఉంటాయి. మనం కూర్చుని ఊహిస్తే తెలియదు. వెళ్ళి అడగాలి."

అడిగే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రోగాల గురించి పని అనుకుంటే, "మీకు తెలిసిన రోగాలన్నీ చెప్పండి" అని నోటికొచ్చినవి వచ్చిన వరసలోనే రాసుకోవాలి. పదిమంది నోట వచ్చినవాటిని ఒక్కో అట్ట చీటీ మీద ఒక్కోటి రాసుకుని, తర్వాత వేరే ఇళ్ళకు వెళ్ళి పరచాలి. ఏవేవి ఒకచోట ఉండాలనిపిస్తే వాటిని ఒక కుప్పగా పెట్టమనాలి. పెట్టాక ఎందుకలా పెట్టారో అడిగి, వాళ్ళన్న మాటలు వాళ్ళన్నట్టే రాసుకోవాలి, బయట ఎవరికీ చెప్పకూడదు. అంతే.

కష్టమంతా ఊరుకోవడం దగ్గర వచ్చింది. ఎదుటివాళ్ళు చీటీ ఎక్కడ పెట్టినా మెచ్చుకోకూడదు, తల ఊపకూడదు, అయ్యో అనకూడదు. పిన్ని బుద్ధెరిగాక అలా కూర్చున్నది లేదు. మొదటి వారం మేడమ్ పక్కన కూర్చుని చూసి, "మీరు నోరు మూసుకుంటున్నారు గానీ మీ కనుబొమ్మలు మాట్లాడేస్తున్నాయి" అంది. దాంతో పిన్ని ఇంట్లో సాధన మొదలుపెట్టింది. వంటింటి సామాన్ల పేర్లు చీటీల మీద రాసి అత్తగారి ముందు పెట్టింది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని, చాలాసేపు ఆలోచించి, మూడు కుప్పలు చేసింది.

"ఇవెందుకు ఒకచోట పెట్టారు అత్తయ్యా?"

"అవి నావి."

"మరి ఇవి?"

"నీవి."

"ఈ మూడో కుప్ప?"

"అవీ నావే. నువ్వు నీవనుకుంటున్నావు."

పిన్ని కనుబొమ్మ కదలలేదు. ఆ రోజుతో తనకు పని పట్టుబడిందని ఆవిడ నమ్మకం.

రోగాల మీద ఒక పని, చదువుల మీద ఒక పని చేశాక మార్కెట్ పని వచ్చింది. ఊరి మధ్యనున్న పాత మార్కెట్ పడగొట్టి కొత్త భవనం కడుతున్నారు. ఏ కొట్టు పక్కన ఏ కొట్టు పెట్టాలో మున్సిపాలిటీవాళ్ళకు తేలలేదు. వర్తకుల్ని అడిగితే అందరూ గేటు దగ్గరే కావాలన్నారు. కొనేవాళ్ళను అడిగి చూద్దామని ఎవరికో తోచి, ఆ పని మేడమ్ ఆఫీసుకు అప్పగించారు. పాత మార్కెట్లో ఉన్న వ్యాపారాలన్నిటికీ ఒక్కో చీటీ తయారైంది. సిరా ఆరాలని ఆ చీటీలు బల్ల మీద పరిచిన రోజున పిన్ని వాటిని చూసి సంచీ కింద పెట్టేసింది.

"మేడమ్, ఒక మాట. ఈ గొడుగుల రిపేరు మా ఆయనది. అదిగో ఆ వాచీల రిపేరు మా బావగారిది."

"ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళా?"

"ఒకే ఇంట పుట్టారు. ఇప్పుడు మాటల్లేవు."

అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు మార్కెట్ నడిబొడ్డున ఒకే వాచీల కొట్లో ఎదురెదురుగా కూర్చునేవారు. అన్నకు పని తప్ప లోకం పట్టదు. తమ్ముడు పనీ చేసేవాడు, వచ్చినవాళ్ళతో కబుర్లూ చెప్పేవాడు. ఒకరోజు కబుర్లలో పడి ఎవరిదో పాత వాచీ లోపలి సన్న తీగ తెంపేశాడు. ఆ వాచీ ఒక ముసలాయనకు భార్య ఇచ్చినది. అన్నకు కోపం వచ్చింది. కొట్టు నిండా జనం ఉండగా, "వీడి చేతికి చిన్న వస్తువు ఇవ్వకూడదు. పోయి గొడుగులు బాగుచేసుకోమనండి" అన్నాడు. తమ్ముడు చేతిలోని పనిముట్టు బల్ల మీద పెట్టాడు. లేచి చొక్కా దులుపుకుని బయటికి నడిచాడు. వారం తిరక్కుండా అదే మార్కెట్లో మెట్ల కింద చోటు చూసుకుని నిజంగానే గొడుగులు బాగుచేయడం మొదలుపెట్టాడు. అన్న మీద పంతంతో, ఆయన నోట వచ్చిన మాటనే తన వృత్తి చేసుకున్నాడు. పిన్ని కూతురు అప్పుడు పలక పట్టుకుని తిరిగేది, ఇప్పుడు పెళ్ళయి వేరే ఊళ్ళో కాపురం ఉంది. అంతకాలంగా ఆ అన్నదమ్ములు ఒకే మార్కెట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నెట్టుకొచ్చారు. తల్లి మాత్రం చిన్నకొడుకింట్లో ఉంటూ, ఆదివారాలు పెద్దకొడుకింటికి వెళ్ళొచ్చేది. అక్కడి మాట ఇక్కడ, ఇక్కడి మాట అక్కడ చెప్పకపోవడం ఆవిడ పెట్టుకున్న నియమం.

మేడమ్ అంతా విని, "ముందే చెప్పడం మంచిదైంది" అంది. "మార్కెట్ చుట్టుపక్కల మిమ్మల్ని ఎరిగినవాళ్ళు ఉంటారు. మీరు రైలుకట్ట అవతలికి వెళ్ళండి. ఆ వీధుల్లోనే ఇంకో ఆవిణ్ణి కూడా పంపి రెండూ పోల్చి చూస్తాను. మీ మీద అనుమానం అనుకోకండి."

"అనుకున్నా తప్పులేదండీ. నా మీద నాకే ఉంది."

అలా ఆవిడ రైలుకట్ట దాటింది. అక్కడ మనుషులు ఒక్కొక్కరు ఒక్కో తీరున మార్కెట్ సర్దారు. బట్టలు కుట్టే ఆవిడ రెండే కుప్పలు చేసింది. ఒకటి మొగుణ్ణి ఒక్కణ్ణే పంపగలిగిన కొట్లు, రెండోది పంపకూడని కొట్లు. పంపకూడని కుప్ప ఎత్తుగా లేచింది. కూరగాయలు కూడానా అన్న మాట పిన్ని నాలుక చివర దాకా వచ్చి ఆగింది. రిటైరైన పోస్ట్‌మ్యాన్ చీటీల్ని కుప్పలు చేయనే లేదు, తన ఇంటి నుంచి నడిచే దారి వెంట వరసగా పేర్చి, మలుపు దగ్గర మలుపు తిప్పాడు. ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ, "ఇవి వెళ్తే నాలుగు మాటలు మాట్లాడే కొట్లు. ఇవి సామాను మొహాన పడేసే కొట్లు" అంది. మాట్లాడే కొట్లలో గొడుగుల చీటీ ఉంది. పిన్ని రాసుకుంది. ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి లేచింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మొగుడు కాళ్ళు కడుక్కుని సిద్ధంగా ఉండేవాడు.

"ఇవాళ నన్నెక్కడ పడేశారు?"

"చెప్పకూడదు."

"చెప్పుల కొట్టు పక్కనా?"

"చెప్పకూడదండీ."

"మొగుడితో మాట్లాడనందుకేనా మీ మేడమ్ నీకు జీతమిస్తోంది?"

"అలా అయితే ఇంకా ఎక్కువ ఇవ్వాలి."

అది రోజూ జరిగే సరదా. అన్న వాచీల చీటీ గురించి మాత్రం ఆయన ఏనాడూ అడగలేదు. అడగకపోవడం పిన్నికి తెలుస్తూనే ఉంది. ఎందుకంటే ఇళ్ళల్లో ఆ రెండు చీటీలూ మాటిమాటికీ ఒకచోటికే చేరుతున్నాయి. పడుచువాళ్ళు, "రెండూ రిపేర్లే కదా" అని పెట్టేవారు. కాస్త వయసు మళ్ళినవాళ్ళ సంగతి వేరు. రిటైరైన రైలు గార్డు ఒకాయన చీటీలన్నీ కుప్పలు పెట్టి, ఈ రెంటినీ విడిగా తన మోకాలి దగ్గర పెట్టుకున్నాడు.

"వీటినెందుకు విడిగా పెట్టారండీ?"

"వాళ్ళిద్దరూ అన్నదమ్ములమ్మా. ఒకే కొట్లో కూర్చునేవాళ్ళు. పెద్దాయన నోరు విప్పేవాడు కాదు, చిన్నాయన నోరు మూసేవాడు కాదు. వాచీ ఇచ్చేసి ఊరికే కూర్చునేవాణ్ణి, పొద్దుపోయేది. ఇప్పుడు చెరో మూలా ఉన్నారు. ఏం జరిగిందో ఏమో. నీకేమైనా తెలుసా?"

"నేను రాసుకోవడానికి వచ్చానండీ" అంది పిన్ని.

ఆయన అన్నమాటలు అన్నట్టే రాసింది. చీటీలు సంచీలో పెట్టుకుని బయటికి వచ్చింది. రైల్వే గేటు తెరిచే ఉన్నా అక్కడ కాసేపు ఆగిపోయింది. గేటు కాపలా ఆయన, "వెళ్ళమ్మా, బండి ఇప్పుడప్పుడే రాదు" అన్నాక కదిలింది. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఆ కొట్టుకు క్యారియర్ తీసుకెళ్ళేది. బావగారు వాచీ మీంచి తల ఎత్తకుండానే స్టూలు జరిపేవాడు. ఆ కొట్టు తమ ఇంట్లోవాళ్ళకే గుర్తుందనుకుంది ఇన్నాళ్ళూ.

పని పూర్తయ్యాక మేడమ్ కంప్యూటర్ మీద చుక్కల పటం చూపించింది. జనం ఎక్కువగా కలిపి పెట్టిన కొట్ల చుక్కలు దగ్గర దగ్గరగా పడతాయి, కలపనివి దూరంగా పడతాయి. కూరలు, పళ్ళు ఒక గుంపు. బట్టలు, దర్జీలు ఒక గుంపు. కుడిచేతి వైపు రిపేర్ల గుంపులో రెండు చుక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. ఏవని పిన్ని అడగలేదు.

"మీరు వెళ్ళిన ఇళ్ళన్నీ లెక్కలోంచి తీసేసి కూడా పటం వేసి చూశాను. అవి విడిపోలేదు" అంది మేడమ్.

నెల తర్వాత మార్కెట్ గోడ మీద కొట్ల కేటాయింపు అంటించారు. రిపేర్లన్నీ బస్‌స్టాప్ వైపు గేటు దగ్గర ఒక వరసలో. అందులో గొడుగుల కొట్టూ వాచీల కొట్టూ పక్కపక్కన, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ సాయంత్రం పిన్ని ఇంటికి వచ్చేసరికి మొగుడు కాళ్ళు కడుక్కోలేదు. చెప్పులతోనే వసారాలో కూర్చుని ఉన్నాడు.

"నువ్వే చేయించావు."

"నేను చీటీ ముట్టుకోనండీ. చేతులు వెనక్కి పెట్టుకుని కూర్చుంటాను."

"ఊళ్ళో ఇన్ని కొట్లుండగా ఆయన పక్కనే ఎందుకొచ్చింది?"

"జనం అలా పెట్టారు."

"జనానికేం పట్టింది? జనమొచ్చి మాట పడ్డారా ఆ రోజు?"

  గార్డు మాట చెప్పేస్తే తన మీద పడ్డ నింద పోతుందని పిన్నికి తెలుసు. చెప్పలేదు. ఆ రాత్రి నుంచి ఆయన ఆవిడతోనూ మాటలు మానేశాడు. ఏం కావాలన్నా తల్లితో చెప్పేవాడు. "టవలెక్కడుందో అడుగమ్మా" అనేవాడు. అత్తగారు నాలుగు రోజులు ఓపిక పట్టి, "నాకు మోకాళ్ళ నొప్పులు. ఒక్కో మాటకీ అటూ ఇటూ తిరగలేను. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు కదా, కాస్త గట్టిగా అనుకోండి, గోడకు చెప్పినట్టు" అంది.

అభ్యంతరాలు ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోవచ్చని మున్సిపాలిటీ హాల్లో సమావేశం పెట్టారు. పిన్ని మొగుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. ఆఫీసు తరఫున పిన్ని వెనక వరసలో కుర్చీలు సర్దుతోంది. ముందు వరసలో ఎడమ చివర బావగారు కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా ఇస్త్రీ చొక్కాలోనే ఉన్నాడు. మేడమ్ పటం గోడ మీద వేసి చూపించింది. వర్తకులు ఒక్కొక్కరే లేచి తమ గోడు చెప్పుకున్నారు. తమ్ముడి వంతు వచ్చింది.

"నాది గొడుగుల రిపేరు. నా కొట్టు ఆ వాచీల కొట్టు పక్కన ఎందుకు పెట్టారో తెలియాలి."

అవతలి చివర నుంచి అన్న లేచాడు. "నేనూ అదే అడుగుదామని వచ్చాను."

హాల్లో ఎవరో నవ్వారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడి ఎన్నేళ్ళయిందో తెలిసినవాళ్ళు అక్కడ కొందరున్నారు.

మేడమ్ నవ్వలేదు. "మీ ఇద్దరి చీటీలూ విడదీసినవాళ్ళు చాలా తక్కువండీ" అంది. "మీ గురించి తెలియనివాళ్ళు రెండూ రిపేర్లని కలిపారు. తెలిసినవాళ్ళు వేరే కారణం చెప్పారు. ఎవరు చెప్పారో చెప్పను గానీ, ఒకటి చదువుతాను." కాయితం తిరగేసి, గార్డు మాటలు మొదటి నుంచి చివరి దాకా చదివింది. వాచీ ఇచ్చేసి ఊరికే కూర్చునేవాణ్ణి అన్న చోట ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. రోగాల పేర్లు చదివినప్పుడు కూడా అలాగే చదివింది. ఆ తర్వాత ఇంకొకరిది, మరొకరిది. వేర్వేరు వీధులవాళ్ళు, ఇంచుమించు ఒకే మాట.

"మార్చాలంటే మారుస్తారు" అని మేడమ్ మున్సిపాలిటీ ఇంజనీరు వైపు చూసింది. "ఇద్దరూ రాసివ్వాలి."

తమ్ముడు నిలబడే ఉన్నాడు. తన పక్కవాడి కుర్చీ వీపు పట్టుకున్నాడు. మొదట కూర్చున్నది అన్న. "కానివ్వండి" అన్నాడు, ఎవరితోనన్నది తెలియకుండా. తమ్ముడు రాసివ్వలేదు. సమావేశం అవకముందే బయటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆయన తల్లిని మధ్యలో పెట్టకుండా మాట్లాడాడు.

"ఆ మొదటి మాట నువ్వు రాసుకొచ్చిందేనా?"

"చెప్పకూడదు."

"నేను నోరు మూసేవాణ్ణి కాదట."

పిన్ని అన్నం పెడుతూ, "ఆ ముక్క నేనైనా అనేదాన్నే" అంది. ఆయన నవ్వలేదు గానీ ఇంకాస్త పెట్టమన్నాడు. తర్వాత, "నిన్ను అనకుండా ఉండాల్సింది" అన్నాడు. అంతకు మించి క్షమాపణ ఆయన దగ్గర ఉండదని ఆవిడకు తెలుసు. సరిపెట్టుకుంది.

కొత్త మార్కెట్ తెరిచాక అందరూ అనుకున్నట్టు ఏమీ జరగలేదు. నడుమెత్తు గోడకు ఇటొకరు, అటొకరు వీపు తిప్పి కూర్చున్నారు. ఫోన్లలోనే టైము చూసుకునే రోజులు వచ్చి అన్న కొట్టుకు జనం తగ్గారు. ఆయన తుడిచిన అద్దమే తుడుస్తూ ఉండేవాడు. తమ్ముడు ఆయనకు వినపడేలా కబుర్లు చెప్పడం మొదట్లో మానేశాడు. తర్వాత ఉండబట్టక మళ్ళీ మొదలుపెట్టాడు.

వానలు పట్టిన వారం గొడుగులు బాగుచేయించుకునేవాళ్ళు బస్‌స్టాప్ దాకా నిలబడ్డారు. తమ్ముడి బల్ల మీద చోటు చాలక గొడుగులు గోడ మీద వేలాడాయి. కొన్ని అటువైపు జారాయి. అన్న ఒకటి తీసి చూశాడు. తెరిచాడు, మూశాడు. కంటికి భూతద్దం తగిలించుకుని ఊచల జాయింటు దగ్గరికి మొహం దించాడు. చాలాసేపు దాంతో తంటాలు పడ్డాడు.

"ఈ ఊచ ఎటు తిప్పాలి?" అన్నాడు చివరికి, తల ఎత్తకుండా.

"ఎడమకి. గట్టిగా కాదు."

"సరే."

ఆ రోజంతా వాళ్ళ మధ్య నడిచిన మాటలు అంతే. గొడుగులు మాత్రం గోడ మీంచి అటు వెళ్ళి ఇటు వచ్చాయి. మర్నాడు ఇంకొన్ని మాటలు పడ్డాయి. అవీ ఊచల గురించే. వాచీ సంగతి, ఆ రోజు జనంలో పడ్డ మాట సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఇక ఎత్తరని పిన్ని అనుకుంటుంది. ఎత్తకపోయినా ఫర్వాలేదనీ అనుకుంటుంది.

అత్తగారు ఒకసారి బస్సు దిగి, రెండు కొట్ల ముందూ వేసిన బెంచీ మీద కూర్చుని చూసొచ్చింది. బెంచీ మరీ గట్టిగా ఉందని ఫిర్యాదు చేసింది. ఇంటికొచ్చాక, ఇద్దరికీ రెండిళ్ళ నుంచి రెండు క్యారియర్లు ఎందుకు వెళ్తున్నాయని అడిగింది. తోడికోడళ్ళు ఫోన్లో మాట్లాడుకుని వంతులు వేసుకున్నారు. పిన్ని సోమవారాలు వద్దంది. సోమవారం ఆఫీసులో మీటింగు ఉంటుంది. ఇప్పుడు వాసనల మీద కొత్త పని మొదలైంది. ఇంటింటికీ చిన్న చిన్న సీసాలు మోసుకెళ్ళాలి, మూతలు కలిసిపోకుండా చూసుకోవాలి.